కాలెడన్‌కి మారదామా? టొరంటో పక్కన పల్లెటూరి గురించి తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి

కొత్తబాట
అందరికీ నమస్తే. మేము కెనడాలో టొరంటో పక్కనున్న బ్రాంప్టన్‌లో ఆరేళ్ళుగా ఉంటున్నాం, సెమీ డిటాచ్డ్ ఇల్లు, ఇద్దరు పిల్లలు, ఈ మార్చి నుంచి మా అత్తయ్య మామయ్య కూడా సూపర్ వీసా (తల్లిదండ్రులు ఎక్కువకాలం ఉండటానికి ఇచ్చేది) మీద వచ్చి మాతోనే ఉన్నారు. మామయ్యది బాపట్ల దగ్గర ఊరు, నలభై ఏళ్ళు వ్యవసాయం చేసిన మనిషి, ఇక్కడ నాలుగు గోడల మధ్య ఆయనకి అస్సలు పొద్దుపోవట్లేదు. మొన్న ఆదివారం ఊరికే అలా బ్రాంప్టన్ హద్దు మేఫీల్డ్ రోడ్డు దాటి పైకి డ్రైవ్‌కి వెళ్ళాం, ఇళ్ళు అయిపోయి మొక్కజొన్న చేలు మొదలయ్యేసరికి ఆయన కారు ఆపించి దిగి గట్టు మీద పావుగంట నిలబడిపోయారు, ఇన్ని నెలల్లో ఆ మనిషి మొహంలో అంత వెలుగు మేము చూడలేదు. ఆ రాత్రి నుంచి నేనూ మా ఆవిడా కాలెడన్ గురించే మాట్లాడుకుంటున్నాం.

ఇప్పుడు రెండు ఇళ్ళు చూసి పెట్టుకున్నాం. ఒకటి సౌత్‌ఫీల్డ్స్‌లో, బ్రాంప్టన్ ఇల్లు లాగే ఉంది. రెండోది కాలెడన్ ఈస్ట్ దాటాక రెండెకరాల పాత ఇల్లు, బోరు నీళ్ళు, సెప్టిక్ ట్యాంకు. రెండిటి అడ్రసులోనూ కాలెడన్ అనే ఉంది కానీ రెండూ వేరే దేశాల్లో ఉన్నట్టున్నాయి. అసలు ఈ కాలెడన్ ఊరా సిటీనా, అక్కడ బతుకు ఎలా ఉంటుంది, ఉన్నవాళ్ళు చెప్తే చాలా హెల్ప్ అవుతుంది.

బోల్టన్ పాతకాపు
స్వాగతం తమ్ముడూ. నేను బోల్టన్‌లో పదిహేడేళ్ళ నుంచి ఉంటున్నా కాబట్టి కొంచెం పొడుగ్గానే చెప్తా.

ముందు ఒకటి అర్థం చేసుకో, కాలెడన్ అనేది ఒక ఊరు కాదు. 1974 జనవరి 1న పీల్ రీజియన్ (జిల్లా లాంటిది, బ్రాంప్టన్ కూడా అందులోదే) ఏర్పడినప్పుడు పాత ఆల్బియన్, కాలెడన్ టౌన్‌షిప్పులు, చింగ్వకూసీ పైసగం, వాటి మధ్యలో ఉన్న బోల్టన్ లాంటి ఊళ్ళు అన్నీ కలిపి ఒక టౌన్ అని పేరు పెట్టారు. మన దగ్గర మండలం అంటాం చూడు, దాదాపు అలాంటిది అనుకో. బోల్టన్, కాలెడన్ ఈస్ట్, కాలెడన్ విలేజ్, ఇంగిల్‌వుడ్, చెల్టెన్‌హామ్, ఆల్టన్, పాల్గ్రేవ్, బెల్‌ఫౌంటెన్, ఇవన్నీ విడివిడి ఊళ్ళు, ఒకదానికీ ఒకదానికీ మధ్య పొలాలు అడవులే. టౌన్ హాల్ కాలెడన్ ఈస్ట్‌లో ఉంది. నిజానికి అన్నిట్లో పెద్దది మా బోల్టనే, 1820ల్లో హంబర్ నది ఒడ్డున పిండిమర పెట్టుకుంటే దాని చుట్టూ పెరిగిన ఊరు.

లెక్క చెప్తే నీకే తెలుస్తుంది. 2021 జనాభా లెక్కల్లో కాలెడన్ మొత్తం 76,581 మంది, విస్తీర్ణం సుమారు 688 చదరపు కిలోమీటర్లు. అదే మీ బ్రాంప్టన్ 266 చదరపు కిలోమీటర్లలో 6,56,480 మంది. అంటే పీల్ రీజియన్ భూమిలో సగానికి పైగా కాలెడనే, మనుషులు మాత్రం వందకి ఐదుగురు.

నువ్వు చూసిన సౌత్‌ఫీల్డ్స్ మేఫీల్డ్ రోడ్డుకి పైన కొత్తగా కట్టిన కాలనీ, లేక్ ఒంటారియో నుంచి పైపుల్లో నీళ్ళొస్తాయి, సివరేజ్ ఉంది, గ్యాస్ ఉంది. అది బ్రాంప్టన్‌కి కొనసాగింపు అని నా ఉద్దేశం, తప్పుగా అనట్లేదు, పిల్లలకి పక్కింటి స్నేహితులు ఉంటారు, నడిచే దూరంలో పార్కు ఉంటుంది. రెండో ఇల్లు మాత్రం పూర్తిగా వేరే జీవితం. అది నీకు మన ఇంగిల్‌వుడ్ అక్క చెప్పాలి.

వరంగల్ వాసు
నేను మూడేండ్లు ఆల్టన్ దిక్కు కిరాయికి ఉన్న. జాగ బంగారం లెక్క ఉంటది అన్నా, పొద్దుగాల లేస్తే జింకలు వాకిట్ల నిలవడి చూస్తయి. కానీ రోజూ డౌన్‌టౌన్ ఆఫీసుకు పోవుడంటే మాత్రం ఆలోచించుకోవాలె. కాలెడన్‌ల ఒక్క గో ట్రైన్ (టొరంటోకు పోయే లోకల్ రైలు) స్టేషన్ లేదు. బ్రాంప్టన్‌కో మౌంట్ ప్లెజంట్‌కో కార్ల వోయి ఆడ ట్రైన్ ఎక్కాలె. ఇంట్ల పెద్దోళ్ళు ఇద్దరున్నరు అంటున్నవ్ కదా, వాళ్ళు పాలు తెచ్చుకోవాలన్నా ఎవరో ఒకరు కార్ల తీస్కపోవాలె, బస్సు మీద ఆశ పెట్టుకోకు.

ఇంగోటి, టౌన్ లోపల ఆసుపత్రి లేదు. పైదిక్కున్నోళ్ళు ఆరెంజ్‌విల్‌లున్న హెడ్‌వాటర్స్‌కు పోతరు, కిందున్నోళ్ళు బ్రాంప్టన్ సివిక్‌కు. మా అమ్మ వచ్చినప్పుడు ఒకసారి రాత్రి మంచుల ఛాతి నొప్పి అన్నది, ఆ డ్రైవ్ నేను జన్మల మర్సిపోను, ముంగట ఏం కనవడలే, ఏం కాలేదు దేవుని దయ వల్ల. మామయ్య గారికి బీపీ షుగరు ఉంటే ఇది మొదట్నే లెక్కల వేస్కో.

మంచు గురించి కూడ చెప్త. టొరంటో సరస్సు ఒడ్డు సముద్రం నుంచి 75 మీటర్ల ఎత్తు, కాలెడన్ పైభాగం 400 మీటర్లు దాటుతది. బ్రాంప్టన్‌ల వాన వడే రోజు మా దగ్గర మంచు వడేది, గాలికి చేన్ల మీదికెళ్ళి కొట్టుకొచ్చి రోడ్డు మీద కుప్పవడ్తది. వింటర్ టైర్లు లేకుంట ఒక్క నవంబరు కూడ ఊహించుకోకు.

ఇంగిల్‌వుడ్ అక్క
పాతకాపు గారు నన్ను పిలిచారు కాబట్టి వచ్చాను 🙂 మేము పదకొండేళ్ళుగా బోరు నీళ్ళ ఇంట్లో ఉన్నాం, ఊళ్ళో కాదు, ఊరి బయట. నీళ్ళ గురించి చెప్తాను, ఎందుకంటే ఆ ఇంట్లో మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి.

బోరు మోటారు కరెంటు మీద నడుస్తుంది. కరెంటు పోతే లైట్లే కాదు నీళ్ళు కూడా పోతాయి, ఫ్లష్ కూడా ఉండదు. మేము వచ్చిన మొదటి శీతాకాలంలో ఫ్రీజింగ్ రెయిన్‌కి చెట్లు విరిగి తీగల మీద పడి రెండు రోజులు కరెంటు లేదు, స్నానాల తొట్టిలో పట్టుకున్న నీళ్ళతో గడిపాం, వసంతం రాగానే జనరేటర్ కొన్నాం. కొనే ముందు బోరు ఎప్పుడు వేశారు, ఎంత లోతు, నిమిషానికి ఎన్ని గాలన్లు వస్తుంది అని అడుగు, వేసినప్పటి రికార్డు ప్రభుత్వం దగ్గర ఉంటుంది. ఇన్‌స్పెక్షన్ రోజు కనీసం గంటసేపు ఆపకుండా నీళ్ళు వదిలి చూడమను. రెండు నిమిషాలు టాప్ తిప్పి బాగానే వస్తున్నాయి అంటే నమ్మొద్దు.

నీళ్ళ టెస్టు ప్రభుత్వ పబ్లిక్ హెల్త్ ల్యాబ్‌లో ఫ్రీ, వాళ్ళిచ్చే సీసాలో పట్టి ఇవ్వాలి. కానీ అది చూసేది బాక్టీరియా ఒక్కటే, కోలిఫార్మ్, ఈ కోలై. చుట్టూ పొలాలు ఉంటే ఎరువుల నైట్రేట్ ఉందేమో ప్రైవేటు ల్యాబ్‌లో డబ్బులు కట్టి చూపించుకోవాలి, పసిపిల్లలు ఉన్న ఇంట్లో అది తప్పనిసరి. మేము ఏడాదికి మూడు సార్లు టెస్టు ఇస్తాం, మంచు కరిగాక ఇచ్చేది మాత్రం ఎట్టి పరిస్థితుల్లో మానం. దానికి తోడు నీళ్ళల్లో క్రిముల్ని చంపే యూవీ లైట్ పెట్టించాం.

ఇక మన ఆడవాళ్ళకి మాత్రమే తెలిసే సంగతి, పప్పు ఉడకదు! ఇక్కడి నేల కింద సున్నపురాయి, నీళ్ళల్లో కాల్షియం ఎక్కువ, కందిపప్పు ఎనిమిది విజిల్స్ వచ్చినా పలుకు పలుకుగానే ఉంటుంది. పప్పు పాతదేమో అని మూడు కొట్లు మార్చాను నేను, తర్వాత తెలిసింది నీళ్ళ తప్పు అని. సాఫ్ట్‌నర్ (కాల్షియం తీసేసే మిషన్) పెడితే ఉడుకుతుంది కానీ దాంట్లో ఉప్పు వాడతారు కాబట్టి నీళ్ళల్లో సోడియం పెరుగుతుంది, బీపీ ఉన్న పెద్దవాళ్ళకి మంచిది కాదు. అందుకే తాగడానికీ వంటకీ విడిగా ఆర్‌ఓ పెట్టుకున్నాం.

సెప్టిక్ ట్యాంకు మూడు నాలుగేళ్ళకోసారి పంప్ చేయించాలి. వేపుడు నూనె, పిండి కడిగిన నీళ్ళు, గంజి సింక్‌లో పోయకూడదు, పండగ రోజు పాతిక మందిని పిలిస్తే గిన్నెలు ముందు పేపర్‌తో తుడిచి అప్పుడు కడుగుతాం. వీలైతే ఒకే రోజు ఐదు లోడ్ల బట్టలు వేయొద్దు. మా అత్తగారికి ఇది అలవాటు అవ్వడానికి ఏడాది పట్టింది, ఇప్పుడు ఆవిడే వచ్చినవాళ్ళకి చెప్తుంది.

వేడికి గ్యాస్ పైపు రాకపోతే ప్రొపేన్, లారీ వచ్చి పెద్ద ట్యాంకు నింపి వెళ్తుంది, జనవరి బిల్లు చూసి కంగారుపడొద్దు, అమ్మేవాళ్ళ దగ్గర పాత బిల్లులు ముందే అడిగి తీసుకో. ఫైర్ హైడ్రెంట్ (మంటలార్పే నీళ్ళ కుళాయి) దగ్గర్లో లేకపోతే ఇన్సూరెన్స్ కూడా ఎక్కువ పడుతుంది.

ఇన్ని చెప్పాక కూడా నన్ను అడిగితే, నేను ఈ ఇల్లు వదలను.

రాయీరప్పా
అక్కా సున్నపురాయి అనగానే నేను ఆగలేకపోతున్నాను, క్షమించాలి, ఇది నా ప్రాణం.

కాలెడన్ గుండా నయాగరా ఎస్కార్ప్‌మెంట్ పోతుంది, అంటే నయాగరా జలపాతం ఏ రాతి అంచు మీద నుంచి దూకుతుందో అదే అంచు ఇక్కడిదాకా వచ్చి ఇంకా పైకి టోబర్‌మోరీ వరకు వెళ్తుంది, దాని వెంట బ్రూస్ ట్రయిల్ అని దాదాపు 900 కిలోమీటర్ల కాలిబాట ఉంది. 1990లో యునెస్కో దీన్ని బయోస్ఫియర్ రిజర్వ్‌గా గుర్తించింది. తూర్పు వైపు ఓక్ రిడ్జెస్ మొరెయిన్, మంచుయుగంలో హిమానీనదాలు పోసిపోయిన ఇసుకా గులకరాళ్ళ దిబ్బ. వాన నీళ్ళు దాంట్లోకి ఇంకి ఊటలుగా బయటికి వస్తాయి. హంబర్ నది ఈ ఎత్తుల మీదే పుడుతుంది, క్రెడిట్ నది ఎస్కార్ప్‌మెంట్‌ని కోసుకుంటూ దిగుతుంది, రెండూ కింద సరస్సులో కలుస్తాయి. కాబట్టి కాలెడన్‌లో నేల మీద సిమెంటు పోస్తే దాని ఫలితం కింద సరస్సు ఒడ్డున ఉన్న మిస్సిసాగాలో వరదగా కనపడుతుంది, అంత దగ్గర సంబంధం.

ఇంకో సంగతి. టొరంటోలో క్వీన్స్ పార్క్ అసెంబ్లీ భవనం, పాత సిటీ హాల్ చూశారు కదా, ఆ గులాబీ గోధుమ రంగు రాయి ఈ ఫోర్క్స్ ఆఫ్ ది క్రెడిట్ క్వారీల నుంచి రైల్లో వెళ్ళిందే. అప్పుడు రాయి, ఇప్పుడు కంకర, టొరంటో కట్టడానికి కాలెడన్ నేల తవ్వుతూనే ఉన్నారు, అందుకే ఇక్కడ గ్రావెల్ లారీలు అన్ని. ఇల్లు చూసేటప్పుడు చుట్టుపక్కల ఏ పిట్‌కి (కంకర తవ్వే గుంట) లైసెన్స్ ఉంది, ఏ క్వారీకి అప్లై చేశారు అనేది మ్యాప్ పెట్టుకుని చూడండి.

కొత్తబాట గారూ, మీ మామయ్య గారిని చెల్టెన్‌హామ్ బ్యాడ్‌లాండ్స్‌కి తీసుకెళ్ళండి, ఓల్డ్ బేస్‌లైన్ రోడ్డు మీద ఉంది, పార్కింగ్ ముందే బుక్ చేసుకోవాలి. ఎర్రటి దిబ్బలు అలలు అలలుగా, మధ్యలో పచ్చ చారలు. అందరూ ఫోటోలు తీసుకుని వచ్చేస్తారు కానీ దాని కథ ఒక రైతు చూడాల్సింది. ఆ రాయి వయసు దాదాపు 45 కోట్ల ఏళ్ళు, కానీ అది బయటపడి మాత్రం వందేళ్ళే. 1900ల మొదట్లో అక్కడ చెట్లు కొట్టేసి దున్ని పశువుల్ని అతిగా మేపారు, పైమట్టి మొత్తం కొట్టుకుపోయింది, కింద ఉన్న క్వీన్‌స్టన్ షేల్ అనే ఎర్ర మెత్తరాయి బయటికొచ్చింది. జనం తొక్కిడికి ఇంకా అరిగిపోతోందని 2015లో మూసేసి, చెక్క నడకదారి కట్టి 2018లో తెరిచారు. ఇప్పుడు దిబ్బల మీదకి ఎక్కనివ్వరు.

గుంటూరు కోడలు
నేను రెండెకరాల ఇంట్లో ఏం పండిస్తామో చెప్తా, మామయ్య గారికి పనికొస్తుంది. గోంగూర, దోస, బీర, చిక్కుడు ఏప్రిల్‌లో ఇంట్లోనే కుండీల్లో మొలకెత్తించి, మే చివర్లో విక్టోరియా డే దాటాక నేలలో పెట్టాలి. బ్రాంప్టన్‌లో మా చెల్లి వాళ్ళ ఇంట్లో సెప్టెంబరు చివరి దాకా కాసే బీర మా ఇంట్లో ముందే మంచు తగిలి మాడిపోతుంది. కంచె లేకపోతే జింకలు ఒక్క రాత్రిలో చిక్కుడు పందిరి ఖాళీ చేస్తాయి, రెండేళ్ళు మేము వాటికోసమే పండించాం. గడ్డిలో తిరిగొస్తే పిల్లల కాళ్ళు, మోకాలి వెనక తప్పకుండా చూడండి, టిక్స్ అని రక్తం పీల్చే చిన్న పురుగులు ఉంటాయి, అవి కుడితే లైమ్ అనే జబ్బు రావచ్చు.

ఇల్లు కొనేలోపు ఆయనకి పొద్దుపోవాలంటే కాలెడన్ ట్రయిల్‌వే మీద నడిపించండి. పాత రైలు కట్ట అది, పట్టాలు తీసేసి బాట చేశారు, టెర్రా కొట్టా నుంచి పాల్గ్రేవ్ వైపు సుమారు 35 కిలోమీటర్లు, రైలు కట్ట కాబట్టి ఎత్తుపల్లాలు ఉండవు, మోకాళ్ళ నొప్పులున్న మా నాన్నగారు కూడా హాయిగా నడిచేవారు. జూన్‌లో స్ట్రాబెర్రీ, శరదృతువులో యాపిల్స్, మనమే కోసుకునే తోటలు ఉన్నాయి. ఆల్బియన్ హిల్స్ దగ్గర కమ్యూనిటీ ఫార్మ్‌లో మడి అద్దెకి తీసుకునే ఏర్పాటు కూడా ఉండేది, ఇప్పుడూ ఉందేమో ముందే కనుక్కుని పేరు రాయించండి.

పొలంగట్టు
అందరూ అందం గురించి చెప్తున్నారు, నేను ఇంకో పదేళ్ళ తర్వాత సంగతి చెప్పాలి. హైవే 413 గురించి ఎవరూ ఎత్తలేదేంటి? వాన్ అనే సిటీ దగ్గర హైవే 400 నుంచి హాల్టన్‌లో హైవేలు 401, 407 కలిసే చోటి దాకా సుమారు 52 కిలోమీటర్లు, కాలెడన్ దక్షిణ భాగం మీదుగా పోతుంది. 2018లో ఒక ప్రభుత్వం వద్దని పక్కన పెట్టింది, తర్వాత వచ్చిన ప్రభుత్వం మళ్ళీ తెచ్చింది, 2025లో పనులు మొదలయ్యాయి. దానికి తోడు 2024లో టౌన్ కౌన్సిల్ ఒకేసారి 12 జోనింగ్ బైలాలు (ఏ భూమిలో ఏం కట్టొచ్చో చెప్పే నిబంధనలు) పాస్ చేసింది, మొత్తం 35,000 ఇళ్ళకి. 2021 లెక్కల్లో మొత్తం జనాభాయే 76 వేలు, ఎంత మారిపోతుందో చూడండి. మీ మామయ్య గారు నిలబడిన ఆ మొక్కజొన్న చేను వచ్చే ఐదేళ్ళలో ఉంటుందో లేదో టౌన్ వెబ్‌సైట్‌లో మ్యాప్ తెరిచి చూసుకోండి.

నాకు కడుపు మండిపోతుంది నిజంగా. కెనడా మొత్తంలో అన్నిటికన్నా మంచి పంట భూమి దాదాపు సగం మన ఒంటారియోలోనే ఉంది, దాన్నే కాంక్రీటు చేసుకుంటున్నాం.

వరంగల్ వాసు
అన్నా నువ్వన్నది నిజమే కానీ నాది ఒక మాట. మనమందరం వచ్చి కొన్న బ్రాంప్టన్ ఇండ్లు కూడ ముప్పై ఏండ్ల కింద చేన్లే. మనం లోపలికి వచ్చినంక తలుపు మూసుడు న్యాయమా? నా దోస్తు బేస్‌మెంట్‌ల పెండ్లాం పిల్లగానితోని నాలుగేండ్ల సంది ఉంటున్నడు, ఆయనకు ఇల్లు యాడ కట్టాలె మరి.

పొలంగట్టు
వాసు తమ్ముడూ నువ్వు అడిగింది కరెక్టే, నేను కాదనను. ఇళ్ళు కట్టొద్దు అనట్లేదు, బస్సూ రైలూ ఉన్నచోట నాలుగంతస్తులు కట్టండి అంటున్నా. చేలల్లో ఒక్కో ఇంటికి రెండు కార్ల గ్యారేజీ పెట్టి కడితే ఆ బేస్‌మెంట్‌లో ఉన్నవాడికి అది ఎలాగూ అందదు, మళ్ళీ రోజూ కార్లో రెండు గంటలు తిరగాలి.

బోల్టన్ పాతకాపు
ఇద్దరూ ఒక్క మాట వినండి. కాలెడన్‌లో ఎక్కువ భాగం 2005లో వచ్చిన గ్రీన్‌బెల్ట్ (కట్టడాలు రాకుండా కాపాడే భూమి) కిందో, ఎస్కార్ప్‌మెంట్, మొరెయిన్ ప్లాన్ల కిందో ఉంది. మారేది ముఖ్యంగా కింది భాగం, మేఫీల్డ్ రోడ్డు నుంచి పైకి, బోల్టన్ చుట్టూ. బోల్టన్‌లో నేను వచ్చిన కొత్తలో హైవే 50 మీద ట్రాక్టర్ వెనక ఆగేవాణ్ణి, ఇప్పుడు వేర్‌హౌస్ లారీల వెనక ఆగుతున్నా. పొలాల్లో పర్మిషన్ లేకుండా లారీలు పెట్టుకునే యార్డులు పెద్ద తలనొప్పి అయ్యాయి. మనవాళ్ళు కొంతమంది పెట్టుబడి అని ఎకరాలు కొని అలా అద్దెకి ఇస్తున్నారు, దయచేసి ఆ పని చేయకండి, నూనె కారి పక్కింటి బోరులోకి దిగుతుంది.

కొత్తబాట తమ్ముడూ, రెండెకరాల ఇల్లు ఏ ప్లాన్ కిందకి వస్తుందో ముందు కనుక్కో. ఎస్కార్ప్‌మెంట్ ఏరియా అయితే ఇల్లు పెంచాలన్నా, చెరువు తవ్వాలన్నా, మట్టి తోలాలన్నా వేరే పర్మిషన్లు కావాలి. పక్క రైతు పేడ ఎరువు చల్లితే వాసన, కోతలప్పుడు రాత్రి మిషన్ చప్పుడు, వాటి మీద కంప్లయింట్ చేసినా నిలబడదు, మామూలు వ్యవసాయ పనులకి 1998 చట్టం రక్షణ ఇస్తుంది. అది కరెక్ట్ కూడా.

కొత్తబాట
వారం రోజులు కనపడలేదు, సారీ. అందరివీ మా ఆవిడా నేనూ కూర్చుని రెండుసార్లు చదివాం.

శనివారం బ్యాడ్‌లాండ్స్‌కి వెళ్ళాం. రాయీరప్పా గారూ మీరు చెప్పిన కథ మామయ్యకి కారులోనే చెప్పాను. ఆయన చెక్క దారి చివరిదాకా నడిచి రెయిలింగ్ పట్టుకుని చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "జానెడు మట్టి పోతే ఇంతేరా, కింద ఇదే ఉంటుంది" అన్నారు. పిల్లలు ఆయన్ని అడిగిన ప్రశ్నలకి అంతే లేదు, మట్టి ఎలా తయారవుతుంది, వానపాము ఏం చేస్తుంది అని, తిరుగు దారంతా ఆయనే మాట్లాడారు.

తర్వాత రెండెకరాల ఇంటికి మళ్ళీ వెళ్ళాం. బోరు పాతది, రికార్డు ఇంకా దొరకలేదు, సెప్టిక్ చివరిసారి ఎప్పుడు పంప్ చేశారో అమ్మేవాళ్ళకి కూడా గుర్తులేదు. మామయ్యకి షుగరు ఉంది, వాసు అన్నా నువ్వు చెప్పిన ఆ రాత్రి డ్రైవ్ మా ఆవిడ మనసులోంచి పోవట్లేదు. అందుకే ఈ ఏడాదికి కొనట్లేదు. సౌత్‌ఫీల్డ్స్ ఇల్లు కూడా వద్దనుకున్నాం, బ్రాంప్టన్ లాంటి ఇంటికే ఇంకా ఎక్కువ అప్పు ఎందుకని. ఊళ్ళో నీళ్ళ పైపు ఉన్న ఇల్లు, కాలెడన్ ఈస్ట్‌లోనో బోల్టన్ పాత భాగంలోనో చిన్నదైనా పర్వాలేదు, మెల్లగా చూస్తాం. వచ్చే వేసవికి ఫార్మ్‌లో మడి కోసం మాత్రం ఇప్పుడే కనుక్కుంటున్నాం, మామయ్య విత్తనాల లిస్టు రాసేశారు.

ఒక్క డౌట్. గోంగూర విత్తనాలు ఇండియా నుంచి తెప్పించుకోవచ్చా?

గుంటూరు కోడలు
లగేజీలోనో పోస్టులోనో తెప్పించొద్దండీ, విత్తనాలకి దిగుమతి రూల్స్ ఉన్నాయి, వాటి ప్రకారం లేకపోతే తీసేసుకుంటారు. నా దగ్గర ఇక్కడే కాసినవి రెండు రకాలు, ఎర్రది, తెల్లది ఉన్నాయి, చలికి ఆరేళ్ళుగా అలవాటు పడ్డ విత్తనం. ఇన్‌బాక్స్‌లో పలకరించండి, బోల్టన్ వైపు వచ్చినప్పుడు ఇస్తాను.

ఇంగిల్‌వుడ్ అక్క
నా దగ్గర చిక్కుడు ఉంది, అది కూడా తీసుకెళ్ళు తమ్ముడూ. మామయ్య గారిని తీసుకునే రా, మా ఇంట్లో భోజనం చేసి వెళ్దురు గాని. పప్పు ఉడికిందో లేదో ఆయనే చెప్తారు.